చివరి సర్వర్: హైబ్రిడ్ ఈమెయిల్ నుంచి పూర్తి క్లౌడ్‌కు

హైబ్రిడ్ ఈమెయిల్ వ్యవస్థ అంటే ఒకే చిరునామా మీద నడిచే రెండు ఇళ్లు. సంస్థలో కొందరి మెయిల్‌బాక్సులు ఆఫీసు సర్వర్ గదిలోనే ఉంటాయి. మిగిలినవారివి సేవాసంస్థ డేటా సెంటర్‌లో, అంటే క్లౌడ్‌లో ఉంటాయి. డొమైన్ పేరు మాత్రం అందరికీ ఒకటే. బయటి నుంచి మెయిల్ రాసేవారికి ఎవరి పెట్టె ఎక్కడుందో తెలియదు, తెలియనక్కర్లేదు. ఆ తేడా పైకి కనబడకుండా ఉంచడానికి వెనకాల మూడు పనులు ఎడతెగకుండా సాగుతుంటాయి. ఆఫీసులోని ఉద్యోగుల జాబితా క్లౌడ్‌లోని జాబితాతో అరగంటకోసారి సరిచూసుకుంటుంది. రెండు వైపుల మధ్య మెయిల్ రాకపోకలకు ప్రత్యేకమైన దారి తెరిచి ఉంటుంది. ఒక వైపువారి క్యాలెండర్‌లో ఖాళీలు రెండో వైపువారికి కనబడతాయి. ఈ మూడింటి అవసరం లేకుండా చేసి, ఆఫీసు సర్వర్‌ను ఆపి, అందరినీ ఒకే ఇంటికి చేర్చడమే పూర్తి క్లౌడ్ మార్పిడి.

ఆఫీసు మెయిల్‌ను నడిపే మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్ 1996లో వచ్చింది. ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ తెరిచింది 1995 ఆగస్టు 15న. అందుకే ఇక్కడి పెద్ద సంస్థల్లో ఆఫీస్ మెయిల్ చరిత్ర చాలావరకు ఆ తరం సర్వర్ల చరిత్రే. 2011 జూన్‌లో ఆ మెయిల్‌ను క్లౌడ్‌లో అందించే ఆఫీస్ 365 మొదలైంది. వేలమంది మెయిల్‌ను ఒక్క రాత్రిలో తరలించడం అసాధ్యం కాబట్టి, తరలింపు సాగినన్నాళ్లూ వాడుకోవడానికి వంతెనలా హైబ్రిడ్ పద్ధతి పుట్టింది. చాలా సంస్థలు ఆ వంతెన మీదే ఉండిపోయాయి. గూగుల్, జోహో వంటి సేవలతోనూ పాత సర్వర్‌ను జతచేసి నడిపే సంస్థలున్నాయి, సూత్రం అక్కడా ఇదే. ఎక్కువ వాడుకలో ఉన్నది ఎక్స్ఛేంజ్ కాబట్టి ఈ సమీక్షకు ఆధారం అదే.

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా సాగే అడవి అంచున ఈ మార్పిడికి ప్రత్యేకమైన రూపం వస్తుంది. 1920 డిసెంబరు 23న ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీ ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీఎస్), అశ్వాపురంలో 1991లో మొదలైన మణుగూరు భారజల కర్మాగారం, మణుగూరు దగ్గరే 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం ఉన్నాయి. సారపాకలో 1979 నుంచి నడుస్తున్న కాగితం మిల్లు 2002లో ఐటీసీలో కలిసింది. భద్రాచలంలో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉంది. వీటిలో ఏ ఒక్కదాని మెయిల్ గురించో కాదు ఈ చర్చ. ఇలాంటి సంస్థలన్నిటికీ ఉండే పోలిక గురించి. పెద్దాఫీసు పట్నంలో ఉంటుంది, పని జరిగే చోటు అడవిలోనో, గని పక్కనో, గోదావరి అవతలో ఉంటుంది. ఉద్యోగుల్లో కుర్చీలో కూర్చుని మెయిల్ చూసేవారు తక్కువ, షిఫ్టు దిగాక ఒకసారి తెరిచి చూసేవారు ఎక్కువ. హైదరాబాద్‌లోని సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనికొచ్చే ప్రణాళికను ఇక్కడ యథాతథంగా అమలు చేస్తే మొదటి వారంలోనే బెడిసికొడుతుంది.

ఇప్పుడే ఎందుకు

మార్పిడిని ఇక వాయిదా వేయలేని స్థితి తెచ్చింది ఒక తేదీ. ఎక్స్ఛేంజ్ సర్వర్ 2016, 2019 రెండింటికీ మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. సొంత సర్వర్ కావాలనుకునేవారికి మిగిలింది 2025 జులైలో వచ్చిన సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్. అది కూడా చందా కడుతూ ఉండాల్సిందే. అంటే, ఒకసారి కొని పదేళ్లు వాడుకునే రోజులు సొంత సర్వర్‌కూ పోయాయి.

భద్రత రెండో కారణం. 2021 మార్చిలో ప్రాక్సీలాగాన్ పేరుతో బయటపడిన లోపాలు ఆఫీసుల్లో నడిచే ఎక్స్ఛేంజ్ సర్వర్లను ప్రపంచమంతటా దొంగలకు తెరిచిపెట్టాయి. క్లౌడ్‌లోని మెయిల్‌కు ఆ దెబ్బ తగలలేదు. 2025 ఆగస్టులో వెల్లడైన సీవీఈ-2025-53786 అనే లోపం నేరుగా హైబ్రిడ్‌నే తాకింది. ఆఫీసు సర్వర్ మీద పూర్తి అధికారం సంపాదించిన దుండగుడు, రెండిళ్లకూ ఉమ్మడిగా ఉన్న తాళంచెవిని పట్టుకుని క్లౌడ్ వైపుకీ చేరగలడన్నది దాని సారం. వంతెన మీద కాపురం ఉండటంలోని అసలు ప్రమాదం ఇదే. సొంత సర్వర్ బలహీనతా మిగులుతుంది, క్లౌడ్ కూడా దాని వల్ల బలహీనపడుతుంది.

అలాగని క్లౌడ్ గట్టి కోట అనుకోవడమూ పొరపాటే. 2023లో స్టార్మ్-0558 అనే ముఠా మైక్రోసాఫ్ట్ సంతకపు తాళంచెవినే సంపాదించి, అమెరికా ప్రభుత్వ శాఖలతో సహా పాతిక దాకా సంస్థల మెయిల్ చదివింది. తేడా ఒక్కటే: క్లౌడ్‌లో లోపాన్ని పూడ్చేది వందలమంది నిపుణులున్న సంస్థ, సొంత సర్వర్‌లో ఆ బాధ్యత ఒకరిద్దరు ఇంజనీర్లది. ఆ ఒకరిద్దరే ప్రింటర్లు, సీసీ కెమెరాలు, బయోమెట్రిక్ హాజరు యంత్రాలు కూడా చూసుకునే చోట సొంత సర్వర్‌ను సురక్షితంగా నడపడం దాదాపు అసాధ్యం. ఈ ఒక్క కారణం చాలు, ఈ ప్రాంతపు సంస్థ క్లౌడ్ వైపు మొగ్గడానికి.

లైను ముందు, మెయిల్ తరవాత

మార్పిడి పుస్తకాలు సర్వర్ దగ్గర మొదలవుతాయి. అడవి అంచున మాత్రం లైను దగ్గర మొదలుపెట్టాలి. సొంత సర్వర్ ఉన్నప్పుడు ఒక సెక్షన్ నుంచి పక్క సెక్షన్‌కు వెళ్లే మెయిల్ ఆఫీసు గోడలు దాటదు. క్లౌడ్‌కు మారాక అదే మెయిల్ పుణెకో చెన్నైకో వెళ్లి తిరిగొస్తుంది. మైక్రోసాఫ్ట్ 2015లో మన దేశంలో తెరిచిన డేటా సెంటర్లు పుణె, చెన్నై, ముంబయిలలో ఉన్నాయి. 20 ఎంబీ నివేదికను ఒకే యూనిట్‌లోని 30 మందికి పంపితే, ఒకప్పుడు అది ఆఫీసు తీగల మీద తిరిగేది. ఇప్పుడు ఆ 30 మందీ విడివిడిగా దించుకుంటారు. 600 ఎంబీ అదే లైను మీద రావాలి. 20 ఎంబీపీఎస్ లైనైతే నాలుగు నిమిషాలపాటు మరే పనీ జరగదు. ఫైలును మెయిల్‌కు జతచేయకుండా లింకు పంపడం అలవాటు చేయడం ఇక్కడ సలహా కాదు, అవసరం.

తరలింపు లెక్క కూడా అంతే ముఖ్యం. 400 మెయిల్‌బాక్సులు, ఒక్కోదానిలో సగటున 5 జీబీ అనుకుంటే మొత్తం 2,000 జీబీ. పగటి పనికి ఆటంకం లేకుండా రాత్రి పది గంటలే వాడుకుంటే, పైకి పంపే వేగం 20 ఎంబీపీఎస్ ఉన్న లైను మీద రాత్రికి 90 జీబీ దాటదు. అంతా సవ్యంగా సాగినా 22 రాత్రులు పైనే పడుతుంది. బ్రాడ్‌బ్యాండ్ ప్రకటనల్లో పెద్దక్షరాలతో కనబడేది కిందికి దించుకునే వేగం. తరలింపుకు కావలసింది పైకి పంపే వేగం. చాలా కనెక్షన్లలో అది చాలా తక్కువ. లీజు లైనుకు, మామూలు కనెక్షన్‌కు ఉన్న ఈ తేడా టెండర్ రాసేటప్పుడే కాగితం మీదికి రావాలి.

ఈ మన్యంలో లైను పరిస్థితి కొన్నేళ్లలో చాలా మారింది. మిషన్ భగీరథ పైపులతోపాటు ఫైబర్ వేసే ఆలోచనతో టీ-ఫైబర్ మొదలైంది. పంచాయతీలకు భారత్‌నెట్ వచ్చింది. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల కోసం కేంద్రం 2014లో ఆమోదించిన టవర్ల పథకం మొదటి దశలో, తెలంగాణతో సహా పలు రాష్ట్రాల్లో 2,343 టవర్లు వచ్చాయి. 2జీగా మొదలైన వాటిని 4జీకి మార్చడానికి 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం అనుమతించింది. చర్ల, దుమ్ముగూడెం వంటి సరిహద్దు మండలాలకు సిగ్నల్ అంటేనే ఇలాంటి పథకాల ఫలితం.

కాని టవరున్నంత మాత్రాన రెండో దారి ఉన్నట్టు కాదు. అడవిలో కేబుల్ సాధారణంగా రోడ్డు హద్దులోనే, భూమి లోపలే వెళ్తుంది. చెట్లు కొట్టకుండా అలా వేసే కేబుల్‌కు అటవీ అనుమతి సులువు. అందుకని కంపెనీలన్నీ ఆ ఒక్క అంచునే పట్టుకుంటాయి. రోడ్డు వెడల్పు చేసే జేసీబీ ఒక్క గోతితో రెండు కంపెనీల కేబుళ్లనూ తెంచగలదు. ఒకే రోడ్డు పక్కన వేసిన రెండు కేబుళ్లు బిల్లులో రెండు లైన్లు, అడవిలో ఒక్కటే. కొత్తగూడెం వైపు నుంచి ఒకటి, ఏటూరునాగారం వైపు నుంచి ఒకటి వస్తేనే, లేదా ఒకటి తీగ మీద, మరొకటి గాలిలో వస్తేనే, వాటిని రెండనాలి.

వరద మాట వేరే చెప్పాలి. భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు, 2022 జులై 16న 71.3 అడుగులు వచ్చింది. అలాంటి రోజున సొంత సర్వర్ ఉన్న ఆఫీసులో కరెంటు పోతే, బయటివారు పంపిన మెయిల్ వారి సర్వర్ల దగ్గరే క్యూలో నిలుస్తుంది. పంపిన సర్వర్‌ను బట్టి ఒకటి నుంచి అయిదు రోజులు మళ్లీమళ్లీ ప్రయత్నించాకే తిరిగి వెళ్తుంది. క్లౌడ్‌లో ఉంటే మెయిల్ పెట్టెలో పడుతుంది. పునరావాస కేంద్రం నుంచి ఫోన్‌లో చదవవచ్చు, ఖమ్మంలోనో హైదరాబాద్‌లోనో ఉన్న అధికారి వెంటనే జవాబివ్వవచ్చు. కాని టవరూ పోయి, లైనూ తెగితే, లోపల చిక్కుకున్న ఆఫీసులో పక్క గదికి కూడా మెయిల్ పోదు. సొంత సర్వర్ జనరేటర్ మీద ఆ పని చేసేది. వరద రోజుకు వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు, ముద్రించి ఉంచిన ఫోన్ నంబర్ల పట్టిక ఉండాల్సిందే. రెండిట్లో ఏది మేలని అడిగితే క్లౌడే మేలు. సర్వర్ మునిగితే మెయిల్ పోతుంది, లైను తెగితే మెయిల్ ఆలస్యమవుతుంది.

ఎవరు ఎవరో తేల్చడం

మెయిల్‌బాక్సులు కదిలే ముందు ఉద్యోగుల జాబితా శుభ్రం కావాలి. పదేళ్ల నాటి డైరెక్టరీలో రిటైరైనవారు, బదిలీ అయినవారు, ఒకే మనిషికి రెండు ఖాతాలు, హోదా పేరుతో ఉండి ఎవరు వాడుతున్నారో తెలియని ఖాతాలు ఉంటాయి. ఒకే మెయిల్ చిరునామా ఇద్దరికి రాసి ఉంటే ఆ ఖాతాల సమన్వయం తప్పుతుంది. హోదా పేరున్న ఖాతాను మనిషికి కాక, పలువురు తెరవగల ఉమ్మడి మెయిల్‌బాక్సుగా మార్చడం మేలు. అధికారి బదిలీ అయినా పాత ఫైలు కుర్చీతోనే ఉంటుంది. ఆఫీసుల్లో ఫైలు మనిషిది కాదు, సీటుదన్న పాత సంప్రదాయమే ఇక్కడా పనికొస్తుంది.

క్లౌడ్‌లో పాస్‌వర్డ్ ఒక్కటే ఉంటే తాళం లేనట్టే లెక్క, రెండో ధ్రువీకరణ తప్పనిసరి. ఇక్కడే ఏజెన్సీలో మొదటి చిక్కు వస్తుంది. ఎస్ఎంఎస్‌లో ఓటీపీ రావాలంటే సిగ్నల్ కావాలి. ‘ఓటీపీ రాలేదు’ అన్న ఫోన్లతోనే సహాయ కేంద్రం నిండిపోతుంది. ఫోన్‌లోని ఆథెంటికేటర్ యాప్ చూపే ఆరంకెల కోడ్‌కు సిగ్నల్ అక్కర్లేదు. ఫోన్ గడియారం, ముందే నాటిన రహస్య సంఖ్య కలిసి కోడ్‌ను అక్కడికక్కడే లెక్కగడతాయి. భూగర్భ బొగ్గు గనిలోకి సెల్‌ఫోన్ తీసుకెళ్లడానికి వీల్లేదు. కాబట్టి పిట్ ఆఫీసులో అందరూ వాడే కంప్యూటర్‌కు యూఎస్‌బీలో పెట్టే భద్రతా కీ నయం. ఈ నిర్ణయం తరలింపుకు ముందే జరగాలి. సోమవారం ఉదయం షిఫ్టు మారే వేళ తేల్చుకునే విషయం కాదిది.

గనిలో, ప్లాంటులో పనిచేసే అందరికీ పెద్ద మెయిల్‌బాక్సులు కొనడం డబ్బు దండగ. మైక్రోసాఫ్ట్ చందాల్లో 50 జీబీ, 100 జీబీ పెట్టెలతోపాటు షిఫ్టు కార్మికుల కోసం 2 జీబీ పెట్టె కూడా ఉంది. పే స్లిప్పు, సెలవు ఉత్తర్వు, సర్క్యులర్ చూసుకోవడానికి అది సరిపోతుంది. ఏటా కట్టే చందాలో పెద్ద తేడా వచ్చేది ఇక్కడే.

పెట్టెలు కదిలే తీరు

హైబ్రిడ్ పద్ధతికి ఉన్న గొప్ప సుగుణం తరలింపులోనే తెలుస్తుంది. మెయిల్‌బాక్సును ముందుగా 95 శాతం దాకా క్లౌడ్‌లోకి నకలు చేసి నిలిపి ఉంచవచ్చు. ఉద్యోగి మామూలుగా పాత పెట్టెలోనే పని చేసుకుంటాడు, కొత్తగా వచ్చిన మెయిల్ రోజుకోసారి నకలులో చేరుతుంది. నిర్ణయించిన రాత్రి మిగిలిన కాస్తా చేరవేసి దారి మళ్లిస్తారు. సామాను ముందే పంపించి మనుషులు చివరి రోజు బండెక్కడం లాంటిది. అవుట్‌లుక్ తన కంప్యూటర్‌లో దాచుకున్న నకలును మళ్లీ మొదటి నుంచి దించుకోనక్కర్లేదు. లైను సన్నగా ఉన్నచోట ఇది ఎంత మేలో చెప్పలేం. ఐమ్యాప్ ద్వారా తరలించే సులువు పద్ధతిలో ఈ సౌకర్యం లేదు. క్యాలెండర్, చిరునామాల పట్టిక కూడా దాంతో రావు. కాబట్టి హైబ్రిడ్‌ను వదిలించుకునే తొందరలో దాన్ని ముందే పడగొట్టి, ఐమ్యాప్‌తో పని కానిచ్చుకోవడం తెలివైన పని కాదు.

ఎవరిని ఎవరితో కలిపి తరలించాలన్నది యంత్రం చెప్పదు, ఆఫీసు చెప్పాలి. జనరల్ మేనేజర్ పెట్టె క్లౌడ్‌కు వెళ్లి, ఆయన పేషీ పెట్టె సర్వర్‌లో ఉండిపోతే, ఆయన పేరుతో పేషీ మెయిల్ పంపడానికి ఇచ్చిన అనుమతి తడబడుతుంది. దాన్ని రెండు వైపులా విడివిడిగా రాయాలి. పేషీని, అధికారిని, వారి ఉమ్మడి క్యాలెండర్‌ను ఒకే రాత్రి కదిలించడం మంచిది. మొదటి విడతలో కంప్యూటర్ సెక్షన్, రెండో విడతలో ఓపిక ఉన్న ఒక యూనిట్, జీతాల సెక్షన్‌ను మాత్రం నెల చివరి వారంలో ఎప్పుడూ కదపకూడదు.

చిన్నవిగా కనబడి పెద్ద నొప్పి పెట్టేవి రెండున్నాయి. ఒకటి పీఎస్టీ ఫైళ్లు. పాత సర్వర్‌లో చోటు చాలక ఉద్యోగులు తమ మెయిల్‌ను ఏళ్ల తరబడి సొంత కంప్యూటర్‌లో దాచుకున్న మూటలవి. సర్వర్ లెక్కలో అవి కనబడవు. సెక్షన్ సెక్షన్‌కూ వెళ్లి వెతకాల్సిందే. రెండోది పాత అంతర్గత చిరునామా. సంస్థ లోపలి మెయిల్‌కు ఎక్స్ఛేంజ్ వాడేది పైకి కనిపించే చిరునామా కాదు, ఎక్స్500 తరహా పొడుగాటి గుర్తు. దాన్ని కొత్త ఖాతాకు తగిలించకపోతే, మూడేళ్ల నాటి మెయిల్‌కు జవాబు కొట్టిన ఉద్యోగికి ‘అలాంటి వ్యక్తి లేడు’ అన్న తిరుగు టపా వస్తుంది.

మాట్లాడని మెయిల్‌దారులు

ఏ సంస్థలోనైనా మనుషులకంటె మొండిగా సర్వర్‌ను పట్టుకు వేలాడేవి యంత్రాలు. స్కాన్ చేసిన కాగితాన్ని మెయిల్ చేసే జిరాక్స్ యంత్రం, పే స్లిప్పులు పంపే జీతాల సాఫ్ట్‌వేర్, యూపీఎస్ బ్యాటరీ తగ్గితే హెచ్చరించే పెట్టె, తూకం చీటీ పంపే కాటా కంప్యూటర్ - ఇవన్నీ పదేళ్ల క్రితం ఎవరో పెట్టిన సర్వర్ అంకెల చిరునామాకే మెయిల్ కొడుతుంటాయి. ఎవరి జాబితాలోనూ ఉండవు. సర్వర్ లాగులను కనీసం ఒక నెల, కుదిరితే మూడు నెలలు చదివితే తప్ప ఇవి బయటపడవు. నెలకోసారి, మూడు నెలలకోసారి మాత్రమే నోరు తెరిచేవి వీటిలో ఉంటాయి.

వీటికి కొత్త దారులు మూడు. ఖాతా, పాస్‌వర్డ్‌తో క్లౌడ్‌కు పంపడం మొదటిది. దీన్లో నిమిషానికి 30 మెయిళ్లు, రోజుకు 10,000 మంది గ్రహీతలు అన్న పరిమితి ఉంది. 3,000 పే స్లిప్పులు పంపాలంటే వంద నిమిషాలు పడుతుంది. సాఫ్ట్‌వేర్ అంత ఓపికగా పంపేలా మార్చాలి. మామూలు పాస్‌వర్డ్ పద్ధతిని ఎత్తేస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది కాబట్టి దీని మీద కొత్తగా ఏదీ కట్టకూడదు. సొంత సంస్థలోని పెట్టెలకే నేరుగా పంపడం రెండోది. ఆఫీసు స్థిర ఐపీ చిరునామాను గుర్తుపట్టే కనెక్టర్ మూడోది. మండల కేంద్రంలోని మామూలు బ్రాడ్‌బ్యాండ్‌లో ఐపీ మారిపోతుంటుంది కనుక అక్కడ మూడో దారి మూసుకుపోతుంది. పాత జిరాక్స్ యంత్రాల్లో చాలావాటికి టీఎల్ఎస్ 1.2 అనే గోప్య పద్ధతి తెలియదు, అది లేనిదే మొదటి దారిలో క్లౌడ్ తలుపు తీయదు. అలాంటి వాటి కోసం ఆఫీసులో ఒక చిన్న లైనక్స్ రిలేను ఉంచుకోవడంలో తప్పులేదు. పూర్తి క్లౌడ్ అన్న మాట కోసం పనిచేసే కాటాను ఆపడం అర్థంలేనిది.

యంత్రాల పని తేలాకే డొమైన్ రికార్డుల వంతు. ఎంఎక్స్ రికార్డు బయటి మెయిల్‌కు దారి చూపేది. దాని గడువును ముందు రోజే అయిదు నిమిషాలకు తగ్గిస్తే మార్పు త్వరగా పాకుతుంది. సంస్థ పేరుతో ఎవరు పంపవచ్చో ఎస్‌పీఎఫ్ చెబుతుంది, అందులో ఇతర డొమైన్ రికార్డుల కోసం చేసే వెతుకులాటలు పదికి మించి పట్టవు. సంతకం వేసేది డీకిమ్. రెండూ తప్పితే ఏం చేయాలో డీమార్క్ చెబుతుంది. పెద్దఎత్తున (గూగుల్ లెక్కలో రోజుకు 5,000కు పైగా) మెయిళ్లు పంపేవారికి గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి ఈ మూడింటినీ తప్పనిసరి చేశాయి. జీతాల సాఫ్ట్‌వేర్‌ను ఎస్‌పీఎఫ్‌లో రాయడం మరిచిపోతే పే స్లిప్పులన్నీ జీమెయిల్ స్పామ్‌లో పడతాయి.

రికార్డు, చట్టం, తెలుగు

ప్రభుత్వ సంస్థల్లో మెయిల్ అంటే దస్త్రమే. సమాచార హక్కు చట్టం 2005 కింద అడిగితే చూపాలి. కోర్టులో పెట్టాలంటే 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ సంఘటనను ఆరు గంటల్లో తెలపాలి, లాగులను 180 రోజులు దాచాలి. ఎక్స్ఛేంజ్ క్లౌడ్ రూపమైన ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో ఏ మెయిల్ ఏ దారిన పోయిందన్న వివరం 90 రోజులే ఉంటుంది. మిగిలిన 90 రోజుల కోసం దాన్ని విడిగా దించి దాచుకోవాలి. ఉద్యోగి మెయిల్ చెరిపేస్తే మామూలుగా 14 రోజులు, గరిష్ఠంగా 30 రోజులు తిరిగి తెచ్చుకోవచ్చు. దాన్ని బ్యాకప్ అనుకుని నిశ్చింతగా ఉండిపోవడం చాలాచోట్ల జరిగే పొరపాటు.

ఎవరూ ముందు తలచుకోని చిక్కు తెలుగుతోనే ఉంది. మన ఆఫీసుల్లో ఏళ్లపాటు ఉత్తర్వులు, నోటీసులు అను స్క్రిప్ట్, శ్రీలిపి వంటి యూనికోడ్ కాని ఫాంట్లలో టైపయ్యాయి. ఆ ఫైళ్లలో కంటికి తెలుగు కనబడుతుంది. లోపల ఉన్నది ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కలగాపులగం. క్లౌడ్‌లోని వెతుకులాట ఎంత బలమైనదైనా, ‘పోడు భూముల సర్వే’ అని యూనికోడ్‌లో టైపు చేసి వెతికితే ఆ పాత నోటీసు దొరకదు. తరలింపు పేరున కనీసం ముఖ్యమైన దస్త్రాలనైనా యూనికోడ్‌కు మార్చి, పాతదాని పక్కనే ఉంచితే సమాచార హక్కు దరఖాస్తులకు జవాబు చెప్పే గుమాస్తాకు అది ఎంతో ఉపకారం. ఈ ఖర్చు ఏ టెండర్‌లోనూ కనబడదు. కనబడాలి.

ఎవరి క్లౌడ్

కేంద్ర ప్రభుత్వ మెయిల్ ఈ దారిలో నడిచిన అతి పెద్ద దేశీయ ఉదాహరణ. ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ సొంతంగా నడిపిన మెయిల్‌ను, 2023లో టెండర్ గెలిచిన చెన్నై సంస్థ జోహోకు అప్పగించారు. సుమారు 12 లక్షల ఉద్యోగుల ఖాతాలు ఆ వేదికకు చేరాయి. డొమైన్ పేర్లు మారలేదు. ఉద్యోగి చిరునామా పాతదే, వెనకాల ఇల్లు మాత్రం కొత్తది. మార్పిడిలో ఉద్యోగికి కనబడేది ఎంత తక్కువైతే పని అంత సజావుగా సాగినట్టు.

స్వదేశీ సేవ మీద ఆసక్తి ఊరికే పుట్టలేదు. 2025 జులైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షల నేపథ్యంలో, గుజరాత్‌లో వాడినార్ రిఫైనరీని నడిపే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. సంస్థ ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కింది. కొద్దిరోజుల్లోనే సేవలు తిరిగొచ్చాయి. డేటా సెంటర్ మన దేశంలో ఉంటే చాలదు, మీట నొక్కే చెయ్యి ఎవరి చట్టానికి లోబడి ఉందన్నదీ చూడాలని దీంతో తెలిసింది. విద్యుత్తు, బొగ్గు, భారజలం వంటి రంగాల సంస్థలకు ఇది కీలకమైన ప్రశ్న. ఏ సేవను ఎంచుకున్నా, సంస్థ సొంత చేతిలో ఉండాల్సినవి రెండు: డొమైన్ పేరు మీద అధికారం, అన్ని మెయిల్‌బాక్సుల తాజా నకలు. ఈ రెండూ ఉంటే మరో ఇల్లు వారంలో చూసుకోవచ్చు. డొమైన్‌ను కూడా సేవాసంస్థ పేరు మీదో కాంట్రాక్టర్ పేరు మీదో నమోదు చేయిస్తే ఇల్లు ఖాళీ చేయడం కూడా చేతిలో ఉండదు.

చివరి సర్వర్

మెయిల్‌బాక్సులన్నీ వెళ్లాక, ఖాళీ సర్వర్‌ను వెంటనే తీసేయవచ్చనిపిస్తుంది. ఇదే అసలు మెలిక. ఉద్యోగుల జాబితా ఇంకా ఆఫీసు యాక్టివ్ డైరెక్టరీలోనే ఉంటే, మెయిల్ చిరునామాల వంటి వివరాలను మార్చే అధికారం దానిదే. వాటిని సరైన పద్ధతిలో రాసే పనిముట్టు ఎక్స్ఛేంజ్. అందుకే ఏళ్లపాటు ఒక్క మెయిల్‌బాక్సూ లేని సర్వర్‌ను, చిరునామాలు మార్చడానికి మాత్రమే, నడిపించాల్సి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఎక్స్ఛేంజ్ 2019 సీయూ12 అనే నవీకరణతో ఆ బాధ కొంత తీరింది. నిర్వహణ పనిముట్లను వేరే కంప్యూటర్‌లో వేసుకుని సర్వర్‌ను ఆపేయవచ్చు. ఆపవచ్చు కాని అన్‌ఇన్‌స్టాల్ చేయకూడదు. చేస్తే డైరెక్టరీలోని ఎక్స్ఛేంజ్ అమరికలు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. 2025లో మైక్రోసాఫ్ట్ మరో దారి తెరిచింది: జాబితా ఆఫీసులోనే ఉన్నా, ఒక్కో పెట్టె మెయిల్ వివరాల మీద అధికారాన్ని క్లౌడ్‌కు బదిలీ చేయవచ్చు. ఆఫీసు జాబితాతో సమన్వయాన్నే కట్టిపెట్టి పూర్తిగా క్లౌడ్ ఖాతాలకు మారే చిన్న సంస్థ సర్వర్‌ను నిజంగా అన్‌ఇన్‌స్టాల్ చేయగలదు.

ఆపే ముందు అవుట్‌లుక్ ఆఫీసులో వెతికే ఆటోడిస్కవర్ సూచనను ఖాళీ చేయాలి. లేకపోతే పాత కంప్యూటర్లు లేని సర్వర్‌నే వెతుకుతూ పాస్‌వర్డ్ అడుగుతుంటాయి. రెండిళ్ల మధ్య ఉన్న కనెక్టర్లు తీసేయాలి. ఉమ్మడి తాళంచెవిని, అంటే 2025 ఆగస్టు లోపానికి మూలమైన పాత ధ్రువపత్రాలను, క్లౌడ్ వైపు నుంచి చెరిపేయాలి. ఫైర్‌వాల్‌లో 25, 443 పోర్టుల ద్వారా ఆ సర్వర్‌కు ఉన్న దారి మూయాలి. తరవాత సర్వర్‌ను స్విచ్ఛాఫ్ చేసి, కనీసం ఒక త్రైమాసికం అలాగే ఉంచాలి. మూడు నెలలకోసారి నోరు తెరిచే యంత్రం ఏదైనా మిగిలి ఉంటే ఈలోగా అరుస్తుంది. ఏదీ అరవకపోతే డిస్కులను తీసి, పూర్తిగా చెరిపి, చెరిపినట్టు సంతకంతో రాసి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం నమోదైన రీసైక్లర్‌కు అప్పగించాలి. స్క్రాప్ వేలంలో పాత ఇనుముతో కలిపి అమ్మకూడదు. పదిహేనేళ్ల ఉత్తరాలు ఆ పళ్లేల మీద ఉంటాయి.